ఎవరూ అడగని కరెంటు

టెక్కలి పాత బస్టాండు వెనక సందులో, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పైన, ప్రమోదిని ఆఫీసు ఉంది. రెండే గదులు. ఆ రెండు గదుల్లో కూర్చుని ఆ పిల్ల చేసిన పనులు చెప్పుకోవాలంటే ఒక పూట చాలదు. పలాసలో జీడిపప్పు ఆరబెట్టే డ్రయ్యర్లు వేడెక్కిపోయి పప్పు మాడుతుంటే, వేడి హద్దు దాటగానే దానంతటదే ఆగిపోయే పెట్టె తయారుచేసింది ఆమే. సోంపేట వైపు మంచినీళ్ల ప్లాంట్లలో నీరు చెడితే ముందే కూతపెట్టే మీటరూ ఆమె చేతిదే. పదో తరగతిలో మండలం మొత్తానికి మొదటి మార్కు. ఇంజనీరింగులో బంగారు పతకం. విశాఖపట్నంలో మంచి ఉద్యోగం. తిత్లీ తుఫానుకి తండ్రి రామూర్తి కొబ్బరిచెట్లు సగానికి సగం నేలకూలిన ఏడాది, ఆ ఉద్యోగానికి దండం పెట్టి వెనక్కి వచ్చేసింది. ఎందుకొచ్చావమ్మా అని అడిగినవాళ్లకి, "పని ఇక్కడే ఎక్కువ ఉంది" అని చెప్పింది. అది నిజమే.

వీటన్నిటికంటే పెద్ద ఘనత మరొకటుంది. అది ఊళ్లో చాలామందికి అర్థం కాదు. లినక్స్ అని ఒకటుంది. చేతిలో ఫోను మొదలుకొని మహా మహా కంపెనీల కంప్యూటర్ల దాకా లోపలుండి నడిపించేది అదే. దాని నడిబొడ్డును కెర్నెల్ అంటారు. దాన్ని ఎవరైనా సరిదిద్దవచ్చు. అయితే ఆ సవరణను ఒప్పుకోవలసిన పెద్దలు పరమ ఖచ్చితం మనుషులు, ఒక్క అక్షరం తేడా వచ్చినా తిప్పికొడతారు. అలాంటి చోట కవిటి పక్క పల్లెలో, రేకుల షెడ్డు బడిలో అక్షరాలు దిద్దిన పిల్ల రాసినది, ఆమె పేరుతో సహా, ప్రపంచమంతా చదువుతోంది. ఉద్దానంలో ఇంకెవరికైనా ఉందా ఈ భాగ్యం?

అంతటి ప్రమోదిని ఒకరోజు మధ్యాహ్నం గున్నపేట తుఫాను షెల్టరు మేడమీద గదిలో, చెమటలు కక్కుతూ, ఏం చేయాలో తోచక కూర్చుంది.

గున్నపేట మూలపేటకు ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న పల్లె. అంతా వేటకు పోయేవాళ్లే. షెల్టరు మేడమీద ప్రమోదిని బిగించిన పెట్టె ఉంది. లోపల లినక్స్‌తో నడిచే చిన్న కంప్యూటరు, దాని స్లాటులో గుచ్చిన రేడియో కార్డు. ఫోను సిగ్నలు అందనంత దూరం పోయిన బోట్లతో మాట్లాడాలంటే ఆ కార్డే దిక్కు. పాత కార్డు ఉప్పుగాలికి తుప్పుపట్టి చచ్చింది. దాని స్థానంలో కొత్త రకం కార్డు పెట్టి, దాన్ని నడిపించే ప్రోగ్రామును, అంటే డ్రైవరును, తానే తిరగరాసి, టెక్కలిలో బల్లమీద పరీక్షించి మరీ పంపించింది. బల్లమీద కార్డు ఎన్నడూ ఆగలేదు. గున్నపేటలో మాత్రం పెట్టె వెలిగిన అరనిమిషానికి కార్డు మాయమవుతోంది.

ఆ రోజు ఉదయం వాయుగుండం దారి మార్చుకుని ఇటు తిరిగింది. ఒడ్డున ఉన్నవాళ్లకి కబురు అందింది, బోట్లు లాగేసుకున్నారు. ఒక్క కొండబాబు బోటు మాత్రం అంతకుముందే లోపలికి వెళ్లిపోయింది. అతనూ, బోటు పనికి వెళ్లిన ఇద్దరు కలాసీలూ. గున్నపేట దగ్గర ఏరు సముద్రంలో కలిసేచోటు ఉంది. దాన్ని మొగ అంటారు. కొండబాబు పొద్దు వాలేసరికి ఆ మొగలోంచే ఇంటికి వస్తాడు. ఎప్పుడూ అంతే. ఆ రోజు మొగ మీద ఇసుక మేటకు తగిలి కెరటాలు తాటిచెట్టంత లేచి విరుగుతున్నాయి. బోటు ఆ నోట్లోకి వస్తే తిరగబడక మానదు. రావద్దని చెప్పాలి. చెప్పడానికి రేడియో లేదు. కరెంటువాళ్లు ముందు జాగ్రత్తగా లైను ఆపేశారు. పెట్టె బ్యాటరీ మీద నడుస్తోంది. మబ్బుకి సోలారు పలక ఎందుకూ కొరగావడం లేదు.

కొండబాబు భార్య రాజులమ్మ కిటికీ వదిలి కదలడం లేదు. బంగారయ్య గుమ్మానికి చేరబడి నిలబడ్డాడు. ఒకప్పుడు ఆ పల్లెలో ఆయన మాట మీదే బోట్లు కదిలేవి. మోకాళ్లు పట్టుకున్నాక సముద్రం మాని ఆటో తోలుతున్నాడు. ప్రమోదినిని టెక్కలి నుంచి ఎక్కించుకొచ్చింది ఆయనే.

"ఏటమ్మా, నీ పెట్టి గుడ్లగూబలాగ అలా సూసి ఇలా కళ్లు మూసేత్తంది?" అన్నాడు.

"సూత్తన్నాను తాతా. కాసేపుండు."

"నానుంటాను. కొండడుంటాడా?"

రాజులమ్మ గిరుక్కున తిరిగింది. "మావా, నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్ది గానీ, మంచి మాట ఒకటాడు."

ప్రమోదిని పెట్టెను మళ్లీ మొదలుపెట్టింది. కార్డు మీద పచ్చదీపం వెలిగింది. రేడియో సముద్రంలోని బోటును వెతుక్కోవడం మొదలుపెట్టింది. గరగర శబ్దం. ఆ శబ్దంలోంచి, "ఎవల..." అని ఒక మగగొంతు వినపడింది. అంతే. దీపం ఆరింది.

"అది ఆడిదే! మా ఆడి గొంతే!" రాజులమ్మ పెట్టె మీద పడినంత పని చేసింది.

"దీపం ఉన్నప్పుడే గబుక్కుని అరిసేత్తే సరిపోదేటి?" అన్నాడు బంగారయ్య.

"బోటు దొరికేసరికే టైమయిపోతంది తాతా. మనం నోరు తెరిసేలోగా పోతంది."

ఆమె లాప్‌టాప్ తెర మీద వరుసలు చూస్తోంది. పెట్టె తాను చేసిన ప్రతి పనీ అక్కడ చెప్పుకుంటుంది. అరనిమిషం దగ్గర ఒక చిన్న వరుస. స్లాటు సరఫరా ఆపేస్తున్నాను, అని దాని అర్థం. చూసిన మరుక్షణం ఆమె నుదురు కొట్టుకుంది.

"రెగ్యులేటరు!"

"ఫ్యానుదా?" అంది రాజులమ్మ అయోమయంగా. "ఇక్కడ ఫ్యానేది?"

"ఫ్యానుది కాదు పిన్నీ. ఈ కార్డుకి కరెంటు కొలిసి ఇచ్చే చిప్పు. అడిగితే ఇత్తది, వద్దంటే ఆపేత్తది."

విషయం ఇది. అలాంటి కంప్యూటర్లో ఒక్కో స్లాటుకూ కరెంటు ఇచ్చే రెగ్యులేటరు ఉంటుంది. పెట్టె వెలిగేటప్పుడు మొదట అన్నీ ఇచ్చే ఉంటాయి. తరువాత కెర్నెల్ ఇంటి యజమానిలా ఒకసారి తిరిగి చూస్తుంది. ఈ కరెంటు నాకు కావాలి అని ఏ డ్రైవరైనా అడిగిందా? అడిగితే ఉంచుతుంది. ఎవరూ అడగకపోతే, వృథాగా పోతోందని ఆపేస్తుంది. పాత కార్డు వేరే తీగ మీద బతికేది, దానికి అడగవలసిన పని లేదు. కొత్త కార్డు స్లాటు కరెంటు మీద బతుకుతుంది. డ్రైవరు తిరగరాసేటప్పుడు ఆ అడగడం అనే ముక్క ప్రమోదిని రాయలేదు.

మరి టెక్కలిలో ఎందుకు నడిచింది? అక్కడ బల్లమీద పక్క స్లాటులో కెమెరా కార్డు ఉంది. రెండు స్లాట్లకూ రెగ్యులేటరు ఒకటే. కెమెరా డ్రైవరు బుద్ధిగా అడిగింది. అది అడిగి తెచ్చుకున్న కరెంటు మీద ఈ రేడియో కార్డు అన్నాళ్లూ దర్జాగా బతికింది. గున్నపేటలో కెమెరా లేదు. అడిగేవాళ్లు లేరు.

తన పేరు ప్రపంచమంతా చదివే చోట ఉన్న మనిషికి ఇది ఎంత చిన్నతనమో ఆమెకు తెలుసు.

"దొరికింది తాతా. తప్పు నాదే."

"తప్పు తరవాత సూసుకుందుము. బాగవుద్దా, అవదా?"

"అవుద్ది. రెండు దారులున్నాయి."

మొదటిది అడ్డదారి. పెట్టెను మొదలుపెట్టేటప్పుడే కెర్నెల్‌కి ఒక్క మాట చెప్పడం. ఎవరూ అడగకపోయినా సరే, ఏదీ ఆపకు అని. ఒక్క మాటతో పని అవుతుంది. అయితే ఖాళీ స్లాట్లు కూడా కరెంటు తాగుతూ కూర్చుంటాయి. కార్డు మొరాయిస్తే ఒకసారి ఆపి వెలిగించే వీలూ ఉండదు. రెండోది సరైన దారి. ఈ కార్డు ఈ రెగ్యులేటరు మీద బతుకుతుందని రాసి, డ్రైవరు చేత అడిగించి, పని అయ్యాక వదిలించి, కొత్త కెర్నెల్‌ను పెట్టెలోకి ఎక్కించడం. కాసేపు పడుతుంది. మధ్యలో కరెంటు పోకూడదు.

అడ్డదారి పనులంటే ప్రమోదినికి చిన్నప్పటి నుంచీ అసహ్యం. పొద్దు ఇంకా ఉంది. బ్యాటరీ ఒక్కటే అనుమానం. అది మెట్ల మలుపులో, ఇనప గూటిలో ఉంది. రంగు దీపాల్ని బట్టి అందులో ఎంత ఉందో తెలుస్తుంది.

"పిన్నీ, కొంచెం దిగి బేటరీ సూడవా? ఎలగుంది?"

రాజులమ్మ దిగింది. మెట్ల మలుపు నుంచి కేక వేసింది. "నిండుకుందమ్మా!"

"హమ్మయ్య," అంది ప్రమోదిని. వేళ్లు పరిగెత్తాయి. రాయవలసినవి కొద్ది వరుసలే. లాప్‌టాప్ వాటిని కూర్చి కొత్త కెర్నెల్ తయారుచేసింది. పెట్టెలోకి ఎక్కించడం మొదలుపెట్టింది. తెర మీద గీత మెల్లగా కుడివైపు పాకుతోంది.

బయట గాలి గేరు మార్చింది, వాన మొదలైంది. కిటికీ రెక్క టపటపా కొట్టుకుంది. రాజులమ్మ మళ్లీ కిటికీలో నిలబడి, కొంగు పళ్ల మధ్య బిగించి, మొగవైపే చూస్తోంది. "మావా, ఆ దూరంగా నల్లగా అదేటి? బోటేనా?"

బంగారయ్య చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. "బోటే," అన్నాడు. "తొందరగా వచ్చేత్తన్నాడు ఎదవ. గాలి సూసి బయపడ్డాడు గావాల. ఇంకా ఫోనుకందడు. అమ్మా, నీ గీత ఎంతవరకొచ్చింది?"

"సగం దాటింది."

అప్పుడే పెట్టె కిచమని, అన్ని దీపాలూ ఒక్కసారే ఆరిపోయాయి.

ప్రమోదిని ముందు లాప్‌టాప్ వైపు, తరువాత తీగవైపు, ఆ తరువాత రాజులమ్మ వైపు చూసింది. "పిన్నీ! బేటరీ నిండుగా ఉందన్నావు కదా!"

"నిండుగా ఉందని నానెప్పుడన్నాను? నిండుకుందన్నాను. ఎర్రదీపం ఒక్కటే మినుకుమినుకుమంతంది, ఇంకేటనాల?"

ప్రమోదినికి అప్పుడు వెలిగింది. ఇంట్లో బియ్యం అయిపోతే అమ్మ ఏమనేది? బియ్యం నిండుకున్నాయి. ఉప్పు నిండుకుంది. లేదు అనే మాట నోటంట రాకూడదని నిండు అనడం. తాను ఆ మాట వింటూ పెరిగినదే. బియ్యానికైతే తెలిసేది. బ్యాటరీకి ఆ మాట వాడతారని తోచలేదు.

"అయిపోయిందని సెప్పొచ్చు కదా పిన్నీ..." అంది, ఏడుపు గొంతుతో.

"మొగుడు నీట్లో ఉంటే, ఒడ్డు మీద పెళ్లాం అయిపోయిందంతాదేటి?" రాజులమ్మ కళ్లు నిప్పులయ్యాయి. "మీ టెక్కలిలో అంతారేమో. మా పేటలో ఆ మాట అన్న నోరు లేదు!"

"ఇద్దరూ నోర్ముయ్యండి," అన్నాడు బంగారయ్య. "అక్కడ బోటు వచ్చేత్తంటే ఇక్కడ మాటల పంచాయితీ. బేటరీయే కదా గావాల? అమ్మా, మా ఆటో బేటరీ పనికొత్తదా?"

ప్రమోదిని తల ఎత్తింది. "పన్నెండు వోల్టులేనా?"

"ఓల్టులు నాకేటి తెలుసు? మొన్ననే కొత్తది కొన్నాను, పలాసలో."

"పద తాతా!"

మెట్లు దిగడం, ఆటో సీటు ఎత్తడం, తీగలు ఊడబెరకడం, వానలో జారుతూ బ్యాటరీని ఇద్దరూ చెరో పక్క పట్టుకుని పైకి చేర్చడం. బంగారయ్య మోకాళ్లు కటకటమంటున్నా ఆగలేదు. రాజులమ్మ కొంగుతో ముడుల మీద తడి తుడిచింది. ప్రమోదిని తీగలు కలిపింది. ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. రెండోసారి చూసుకుని మరీ బిగించింది.

పెట్టె మేలుకుంది. సగం ఎక్కిన కొత్త కెర్నెల్‌ను చూసి, ఇది పనికిరాదని ఆగిపోయింది. ఆమె దానికి సిద్ధంగానే ఉంది. పాత కెర్నెల్ పక్క అరలో చెక్కుచెదరకుండా ఉంటుంది, అది ఆమె పెట్టుకున్న నియమం. పాతదాన్ని ఎంచుకుంది. దాని వెనక, ఇందాక అసహ్యించుకున్న ఆ ఒక్క మాటా చేర్చింది. ఎవరూ అడగకపోయినా సరే, ఏదీ ఆపకు.

పచ్చదీపం వెలిగింది. గరగర మొదలైంది.

ముగ్గురూ ఆ దీపాన్నే చూస్తున్నారు. ఇందాక ఆరిపోయిన చోటు దగ్గరపడింది. రాజులమ్మ ప్రమోదిని భుజం పట్టుకుంది, గోళ్లు దిగాయి. ఆ చోటు వచ్చింది. దాటింది. దీపం వెలుగుతూనే ఉంది.

"ఎవలది? షెల్టరేనా?" కొండబాబు గొంతు.

రాజులమ్మ మైకు లాక్కుంది. "ఓరయ్యో! మొగకాడికి రావద్దు! మొగ పాడైపోనాది. మూలపేట ఎల్లిపో, రాతికట్ట సాటుకి!"

"ఎవలూ, రాజులా? నీకేటి తెలుసే మొగ సంగతి? బోటు నిండా సాపలున్నాయి. మూలపేటెల్తే ఐసెవుడిత్తాడు?"

"సాపలు నీట్లో పారెయ్యి! నువ్వు రా, అంతే!"

"నిక్షేపంలాటి కోనాం సాపలే! పారెయ్యమంతందేటిది!" అవతల ఎవరితోనో నవ్వుతున్నాడు. వాళ్లకింకా మొగ కనిపించలేదు. సముద్రం వైపు నుంచి చూస్తే విరిగే కెరటం వెనకభాగమే కనపడుతుంది, నున్నగా, ఏమీ లేనట్టు. దగ్గరికొచ్చాక గానీ తెలియదు. తెలిశాక బోటు తిప్పుకునే చోటు ఉండదు.

ప్రమోదిని బంగారయ్య వైపు చూసింది. ఆయన మైకు అందుకోలేదు. ఇందాకటి నుంచీ ఆ పెట్టెను వెక్కిరించిన మనిషి. కిటికీ దగ్గరికి వెళ్లి మరోసారి మొగను చూశాడు. ఒక కెరటం లేచి, విరిగి, దాని వెనక ఇంకొకటి. అప్పుడు చెయ్యి చాపాడు. ఎక్కడ నొక్కాలో ప్రమోదిని చూపించింది.

"ఒరే కొండా. నానురా, బంగారయ్యని."

అవతల నవ్వు ఆగింది. "మావా?"

"మొగని ఈ కళ్లతో సూత్తన్నాను. మూడు వరసలు ఇరుగుతున్నాయి. నడిమి సాలు ఇసకతో పూడిపోనాది. ఈ మొగలోంచి మీ అయ్య పీనుగుని నాను ఒడ్డుకి మోసుకొచ్చిన రోజు ఇలగే ఉండేది. సుక్కాని తిప్పు. దచ్చినం పట్టు. ఇప్పుడే."

గరగర. ముగ్గురికీ అదే వినిపిస్తోంది. ఆటో బ్యాటరీ మీద తీగలు చిన్నగా చిటపటమన్నాయి.

"తిప్పినాను మావా," అంది పెట్టె.

కిటికీలోంచి ఆ నల్లచుక్క కాసేపు అక్కడే నిలిచినట్టు కనిపించింది. తరువాత పక్కకు జరిగింది. రాజులమ్మ కిటికీ చువ్వల కింద కూలబడి, అప్పటిదాకా రాని ఏడుపంతా ఏడ్చింది. ప్రమోదిని ఆమె పక్కన కూర్చుంది.

బోటు మూలపేట చేరేదాకా పెట్టెను ముట్టుకోవడానికి వీల్లేదు. అడ్డదారిలో వెలుగుతున్నది ఒకసారి ఆరితే మళ్లీ లేస్తుందో లేదో. తప్పు ఎక్కడుందో తెలిసి, దిద్దిన కాపీ ఒళ్లో పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చోవడం కంటే కష్టమైన పని ఆమె జీవితంలో ఇంకొకటి చెయ్యలేదు. మధ్యమధ్య కొండబాబు పలకరిస్తూనే ఉన్నాడు. గాలి ఎక్కువైందన్నాడు. ఒక కలాసీకి వాంతులన్నాడు. ఒకసారి ఎంత పిలిచినా పలకలేదు. అప్పుడు రాజులమ్మ మైకు పట్టుకుని, తాళి కళ్లకద్దుకుని, పిలుస్తూనే ఉంది. చివరికి, "ఊరుకోయే, సెవులు పోతన్నాయి. సుక్కాని పట్టుకున్నాను, మైకెలా పట్టుకుంటాను?" అని విసుక్కున్నాడు. ఆ విసుగు విని బంగారయ్య మీసంలో నవ్వుకున్నాడు.

వెలుతురు పూర్తిగా పోకముందే రాజులమ్మ ఫోను మోగింది. ఫోను మోగిందంటే ఒడ్డు దగ్గరున్నట్టే. రాతికట్ట చాటున లంగరు వేశారు. ముగ్గురూ క్షేమం.

ప్రమోదిని అప్పుడు పెట్టె ఆపింది. దిద్దిన కెర్నెల్ మళ్లీ మొదటి నుంచి ఎక్కించింది. పచ్చదీపం వెలిగింది. ఈసారి డ్రైవరు తన కరెంటు తానే అడిగింది, కెర్నెల్ ఇచ్చింది. ఆపమంటే ఆగింది, మళ్లీ వెలిగించమంటే వెలిగింది. రెండుమూడు సార్లు ఆపి, వెలిగించి, తృప్తిగా చూసుకుంది.

"ఇంక సాలమ్మా, దాన్ని ఆడించింది," అన్నాడు బంగారయ్య. "మా బేటరీ మాకిచ్చేయి. ఆ కొండడు ఫోన్లో ఏటన్నాడో ఇన్నావా?"

"ఏమన్నాడు తాతా?"

"మూలపేటలో ఐసు దొరకలేదంట. సాపలు పాడైపోతాయి, ఆటో ఏసుకుని రా మావా అంతన్నాడు. సచ్చి బతికినాడు, సాపల ధ్యాస పోలేదు."

బ్యాటరీ కిందికి దించి బిగించారు. ఇద్దరూ వెనక ఎక్కారు. బంగారయ్య దర్జాగా సీటెక్కి తాళం తిప్పాడు. ఆటో కుయ్యిమని, నిట్టూర్చి, ఊరుకుంది. మళ్లీ తిప్పాడు. నిట్టూర్పు కూడా రాలేదు.

"సూత్తన్నారేటి?" అని అరిచాడు. "దిగి తొయ్యండి!"

ఇంజనీరింగులో బంగారు పతకం తెచ్చుకున్న ప్రమోదిని ఒక పక్క, రాజులమ్మ మరో పక్క, తడి ఇసుకలో చీరా చుడీదారూ మోకాళ్ల దాకా ఎత్తి కట్టి, షెల్టరు ముందు నుంచి తారురోడ్డు దాకా ఆ ఆటోను తోసుకుంటూ పోయారు.